హెల్మెట్ పెట్టగానే గుప్పుమని వాసనొస్తోందా..? పెట్రోల్ గుడ్డ మాత్రం అస్సలు తగలనివ్వకండి.. ఇంట్లో షాంపూ చాలు!

హెల్మెట్ తలకు పెట్టుకోగానే లోపల్నుంచి గుప్పుమని వాసన.. నిన్నటి చెమట, మొన్నటి వాన, వారం రోజుల కొబ్బరినూనె అన్నీ కలిసి పులిసిన వాసన. బైక్ నడిపేవాళ్లలో చాలామందికి ఇది రోజూ ఉండే బాధే. దీనికి మనోళ్లు కనిపెట్టిన పరిష్కారం ఏంటంటే.. హెల్మెట్‌ను తల మీద నుంచి తీసి పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టడం! సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ కనిపిస్తే తలకు, సిగ్నల్ దాటగానే మళ్లీ ట్యాంక్ మీదకు. ఇంకొందరైతే మెకానిక్ షాపులో చైన్ తుడిచే పెట్రోల్ గుడ్డతోనే హెల్మెట్‌నూ తళతళలాడేలా తుడిపించేస్తారు. మొదటిది ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. రెండోది కూడా తక్కువేం కాదు.. కానీ ఆ సంగతి చాలామందికి తెలియదు.

నిజానికి హెల్మెట్ కడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక షాంపూ ప్యాకెట్, ఒక బకెట్ నీళ్లు, ఒక పాత టూత్‌బ్రష్, ఆరబెట్టడానికి ఒక సెలవు రోజు. ఏది వాడాలి, ఏది వాడకూడదు, కుషన్ ఊడిరాని హెల్మెట్‌ను ఎలా కడగాలి, సైకిల్ హెల్మెట్ సంగతేంటి.. ఇప్పుడు వివరంగా చూద్దాం.

వాసనే కదా అని వదిలేయొద్దు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ పెట్టుకోకపోవడంతో ప్రాణాలు పోయినవాళ్లు 50,029 మంది. వీళ్లలో 35,692 మంది బండి నడిపినవాళ్లు, 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. వీళ్లంతా వాసన వల్లే హెల్మెట్ వదిలేశారని కాదు. కానీ ఎందుకు పెట్టుకోవట్లేదని ఎవరిని అడిగినా వచ్చే సమాధానాలు ఇవే.. ఉక్క, దురద, చుండ్రు, జుట్టు ఊడిపోతోంది, లోపల కంపు. వీటిలో చాలావరకు హెల్మెట్ తెచ్చిన సమస్యలు కాదు. కడగని హెల్మెట్ తెచ్చిన సమస్యలు.

హెల్మెట్ పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయాలయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే ఆ రక్షణ హెల్మెట్ తల మీద ఉన్నప్పుడే. మోచేతికి తగిలించుకుంటే మోచేతికి కూడా పెద్దగా పనికిరాదు.

అసలు ఈ వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

చెమటకు స్వతహాగా పెద్ద వాసన ఉండదు. మన చర్మం మీద మామూలుగానే ఉండే బ్యాక్టీరియా.. ఆ చెమటను, నూనెను, రాలిన చర్మపు పొట్టును తిని విడగొడుతుంది. అప్పుడు పుట్టేదే ఈ కంపు. బ్యాక్టీరియాకు కావాల్సింది తేమ, వెచ్చదనం, చీకటి. హెల్మెట్ లోపలి స్పాంజ్‌లో ఈ మూడూ ఉన్నాయి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండకు తల తడిసిపోతుంది కానీ, తీసి పక్కన పెడితే హెల్మెట్ త్వరగానే ఆరిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు పరిస్థితి వేరు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి సాయంత్రం తడిసిన స్పాంజ్ మర్నాడు పొద్దున్నకి కూడా చెమ్మగానే ఉంటుంది. ఇక వానాకాలం అయితే ఎక్కడైనా అంతే.

మన దగ్గర దీనికి తోడు ఇంకోటి ఉంది.. తలనూనె. పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని, దువ్వుకుని, నేరుగా హెల్మెట్ పెట్టేసుకోవడం మనకు అలవాటు. ఆ నూనె స్పాంజ్‌లోకి ఇంకుతుంది. రోడ్డు మీది దుమ్ము వచ్చి దానికి అంటుకుంటుంది. కొన్నాళ్లకు నూనె ముక్కిపోతుంది. అందుకే కొన్ని హెల్మెట్లలో చెమట వాసన కాకుండా పాత నూనె డబ్బా వాసన వస్తుంది. తలకు రంగు వేసుకునేవాళ్లు, జెల్ రాసేవాళ్లు ఉంటే ఆ జిగురు కూడా చేరుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే ఈ జిడ్డు వదలదు. సబ్బు లాంటిది ఏదో ఒకటి కావాల్సిందే. అదేంటన్న దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తున్నారు.

పెట్రోల్ గుడ్డ ఎందుకు వద్దు?

ఇది అర్థం కావాలంటే హెల్మెట్ లోపల ఏముందో తెలియాలి. పైన కనిపించే గట్టి డిప్ప ఎక్కువగా ఏబీఎస్ లేదా పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఖరీదైన వాటిలో ఫైబర్ ఉంటుంది. తలకు తగిలే మెత్తటి స్పాంజ్, గుడ్డ మన సౌకర్యం కోసం. ఈ రెండింటి మధ్యలో ఒక అంగుళం మందాన కాస్త అటూఇటుగా ఉండేదే అసలు హెల్మెట్. దాని పేరు ఈపీఎస్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు బాగా తెలిసిందే.. టీవీ, ఫ్రిజ్ కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చే థర్మాకోల్. హెల్మెట్‌లో వాడేది కాస్త గట్టిగా, దట్టంగా ఉంటుంది. అంతే తేడా. తల వెళ్లి దేనికైనా కొట్టుకున్నప్పుడు ఈ థర్మాకోల్ నలిగిపోతుంది. అది నలగడానికి పట్టే ఆ క్షణంలో వెయ్యో వంతుల్లోనే దెబ్బ తీవ్రత మెదడుకు చేరకుండా చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

థర్మాకోల్ మీద పెట్రోల్ పడితే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా? ఐస్‌క్రీమ్ కరిగినట్టు కరిగిపోతుంది. పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే లిక్విడ్ పడినా అంతే. గుడ్డకు అంటిన కాస్త పెట్రోల్‌కే లోపల పెద్ద గొయ్యి పడకపోవచ్చు. కానీ అంచుల నుంచి, గాలి రంధ్రాల నుంచి లోపలికి దిగిన చుక్కలు, ఆవిరి థర్మాకోల్‌ను అక్కడక్కడా తినేస్తాయి. పైన డిప్ప కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. స్పాంజ్ కప్పేసి ఉంటుంది కాబట్టి లోపల ఏమైందో మీకు కనపడదు. బయటి డిప్పకు కూడా ఇది మంచిది కాదు. పాలికార్బొనేట్‌కు పెట్రోల్, థిన్నర్ తగిలితే వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. దెబ్బ తగిలినప్పుడు డిప్ప అక్కడే విరుగుతుంది.

కాబట్టి సర్వీసింగ్‌కు బండి ఇచ్చినప్పుడు హెల్మెట్ అక్కడ వదలకండి. 'అన్నా, హెల్మెట్ కూడా ఒకసారి తుడిచెయ్' అని మాత్రం అనకండి.

పెట్రోల్ ఒక్కటే కాదు, ఈ లిస్టులో ఇంకా కొన్ని ఉన్నాయి. వాసన పోవాలని చాలామంది హెల్మెట్‌లో కలరా ఉండలు పడేసి కవర్‌లో మూట కడతారు. బీరువాలో పట్టుచీరలకు పనికొచ్చింది కదా అని! ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి థర్మాకోల్‌ను మెత్తబరుస్తుంది. పైగా ఆ ఘాటును మీరు ముక్కుకు ఆనించుకుని గంటసేపు ప్రయాణం చేయాలి. హారతి కర్పూరం పెట్టేవాళ్లూ ఉన్నారు, అది కూడా మానేయడమే మేలు. బాడీ స్ప్రే కొట్టడం వల్ల వాసన పోదు. పాత వాసన మీద కొత్త వాసన చేరుతుంది, రెండూ కలిసి ఇంకా దారుణంగా ఉంటుంది. ఆ స్ప్రేల్లో ఉండే ఆల్కహాల్, ఇతర ద్రావకాలు థర్మాకోల్‌కు, గ్లాస్‌కు పడవు కూడా.

ఇక బట్టలుతికే పౌడర్, బ్లీచింగ్, బాత్రూమ్ కడిగే యాసిడ్.. వీటి జోలికి వెళ్లొద్దు. సర్ఫ్ వేస్తే మురికి పోతుంది నిజమే, కానీ స్పాంజ్ లోపల్నుంచి ఆ పౌడర్ పూర్తిగా పోవడం కష్టం. ఎండలో చెమట పట్టినప్పుడు అది కరిగి నుదుటి మీదుగా కళ్లలోకి దిగుతుంది. ట్రాఫిక్‌లో బండి నడుపుతూ కళ్లు మండితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మరుగుతున్న నీళ్లు కూడా వద్దు. చెయ్యి పెడితే హాయిగా అనిపించే గోరువెచ్చదనం చాలు.

మరి ఏం వాడాలి? షాంపూ. పిల్లల షాంపూ అయితే ఇంకా మంచిది. మనిషి తల మీది జిడ్డు, చెమట వదలడానికే కదా షాంపూ చేశారు.. హెల్మెట్ లోపల ఉన్నదీ అదే జిడ్డు, అదే చెమట. చాలా హెల్మెట్ కంపెనీలు కూడా యూజర్ మాన్యువల్‌లో ఘాటు లేని సబ్బు, నీళ్లు మాత్రమే వాడమని రాస్తాయి. కాకపోతే ఆ చిన్న పుస్తకాన్ని ఎవరూ తెరవరు.

కుషన్ ఊడొచ్చే హెల్మెట్ అయితే..

ముందు మీ హెల్మెట్‌ను తిప్పి లోపల చూడండి. చెంపల దగ్గరి ప్యాడ్లను మెల్లగా లాగితే టిచ్ బటన్లు 'టక్' మని ఊడుతున్నాయా? అయితే మీ పని సులువు. ఊడదీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఏ ప్యాడ్ కుడివైపుది, ఏది ఎడమవైపుది అనేది మళ్లీ బిగించేటప్పుడు కచ్చితంగా తికమక పెడుతుంది. నడినెత్తి మీది ఇన్నర్ కొన్నిటిలో ముందు భాగంలో ఒక ప్లాస్టిక్ పట్టీలో దూర్చి ఉంటుంది. దాన్ని బలంగా పీకితే పట్టీ విరుగుతుంది, నిదానంగా జరపండి.

బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, షాంపూ కలిపి, ప్యాడ్లను అరగంట నానబెట్టండి. తర్వాత చేత్తో నొక్కుతూ, వదులుతూ ఉండండి. మొదటిసారి కడిగేవాళ్లు ఆ నీళ్ల రంగు చూసి షాక్ అవుతారు.. అచ్చం టీ డికాషనే! నీళ్లు తేటగా వచ్చేదాకా, నురగ పూర్తిగా పోయేదాకా మార్చి మార్చి కడగండి. బట్టలు పిండినట్టు మెలితిప్పొద్దు. లోపలి స్పాంజ్ చిరుగుతుంది, లేదంటే గుడ్డ నుంచి విడిపోతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి, పొడి టవల్‌లో చుట్టి మళ్లీ నొక్కితే చాలు. కంపెనీ లేబుల్ మీద వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చని రాసి ఉంటేనే మెషీన్.. అదీ ప్యాడ్లు మాత్రమే. కంఫర్ట్ లాంటి సువాసన లిక్విడ్లు వద్దు. వాటి పూత వల్ల గుడ్డ చెమటను సరిగా పీల్చుకోదు.

కుషన్ ఊడకపోతే? అసలు తలనొప్పి ఇక్కడే

మన దగ్గర ఎక్కువమంది వాడేది ఈ రకమే. కుషన్ లోపల అంటించేసి ఉంటుంది. బలవంతంగా పీకితే దాంతో పాటు థర్మాకోల్ ముక్కలు కూడా ఊడొస్తాయి, కాబట్టి ఆ ప్రయత్నం చేయొద్దు. మరి నీళ్లలో ముంచొచ్చా అని అందరికీ అనుమానం. థర్మాకోల్ నీళ్లను పెద్దగా పీల్చుకోదు, ఉత్త నీళ్లతో అది పాడయ్యేది కాదు. కానీ మొత్తం ముంచేస్తే స్పాంజ్ అడుగుదాకా నీళ్లు పట్టి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజుల్లో వాసన మళ్లీ మొదలు. అంటే కడిగిన ప్రయోజనమే పోతుంది.

అందుకే ముంచకుండా కడగాలి. ముందు గ్లాస్ విప్పేయండి. బ్లూటూత్ లాంటివి ఉంటే తీసి పక్కన పెట్టండి. చిన్న గిన్నెలో షాంపూ వేసి గిలక్కొట్టి బాగా నురగ తీయండి. నీళ్లు కాకుండా ఆ నురగను మాత్రమే మెత్తటి స్పాంజ్‌తోనో, చేత్తోనో కుషన్ అంతా పట్టించండి. నుదురు ఆనే చోట, చెంపలు, మెడ వెనక భాగం.. ఈ మూడు చోట్లే మురికి ఎక్కువ. పాత టూత్‌బ్రష్‌తో అక్కడ మెల్లగా రుద్దండి. ఐదు పది నిమిషాలు వదిలేయండి. తర్వాత హెల్మెట్‌ను వాలుగా పట్టుకుని, మగ్గుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ నురగను బయటకు వదలండి. మధ్యమధ్యలో గుడ్డతో అద్దుతూ ఉంటే నీళ్లు తక్కువ పడతాయి. నురగ మొత్తం పోయాక పొడి టవల్‌ను లోపల కుక్కి, పిడికిలితో గట్టిగా నొక్కండి. టవల్ తడిస్తే ఇంకోటి మార్చండి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే ఆరే సమయం సగానికి సగం తగ్గుతుంది.

కడగడానికి అస్సలు టైమ్ లేనివాళ్లకు ఒక తాత్కాలిక మార్గం ఉంది. వంట సోడా, అంటే ఇడ్లీ, బజ్జీల పిండిలో వేసేది. రాత్రి పడుకునే ముందు రెండు మూడు చెంచాలు లోపల పొడిగా చల్లి, పొద్దున్నే బోర్లించి తట్టి, బ్రష్‌తో బాగా దులిపేయండి. వాసన కొంత తగ్గుతుంది. కానీ మురికి అక్కడే ఉంటుంది, నూనె అక్కడే ఉంటుంది. నాలుగు రోజులకు మళ్లీ మామూలే. తడి స్పాంజ్ మీద మాత్రం చల్లొద్దు, ముద్దకట్టి కూర్చుంటుంది.

ఆరబెట్టడంలోనే ఉంది అసలు కిటుకు

కడిగిన హెల్మెట్‌ను మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎర్రటి ఎండలో పెట్టేయడం అందరూ చేసే పని. గంటో రెండు గంటలో ఎండకు పెడితే ఏమీ కాదు కానీ రోజూ అలా పెడితే డిప్ప రంగు వెలుస్తుంది, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, జిగురు పట్టు వదులుతుంది. అంతకంటే ప్రమాదం.. అద్దాలు మూసిన కారులో పెట్టడం. వేసవిలో ఎండన నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద వేడి 60 డిగ్రీలు కూడా దాటుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కూడా అదే బాపతు.

మంచి మార్గం ఇది.. టేబుల్ ఫ్యాన్ ముందు, నీడలో, బోర్లించిన గిన్నె మీదనో, చెంబు మీదనో హెల్మెట్‌ను నిలబెట్టండి. కింద నుంచి కూడా గాలి ఆడాలి. నేల మీద బోర్లిస్తే లోపల తడి లోపలే ఉండిపోతుంది. విడి ప్యాడ్లయితే దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేయండి. పైకి ముట్టుకుంటే పొడిగా అనిపించినా నమ్మొద్దు. స్పాంజ్ బయట ముందు ఆరుతుంది, మధ్యలో చివర ఆరుతుంది. ఒక టిష్యూ పేపర్ పెట్టి వేలితో పది సెకన్లు అదిమి పట్టండి. పేపర్‌కు చెమ్మ తగిలితే ఇంకా టైమ్ ఉంది. వానాకాలంలో ఒక పూర్తి రోజు పట్టొచ్చు. అందుకే శనివారం రాత్రి కడిగితే సోమవారం ఆఫీసుకు రెడీగా ఉంటుంది.

గ్లాస్ మీద టూత్‌పేస్టా? వద్దే వద్దు

రీల్స్‌లో ఈ మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. గీతలు పడిన హెల్మెట్ గ్లాస్ మీద టూత్‌పేస్ట్ రుద్దితే కొత్తదానిలా అవుతుందట! టూత్‌పేస్ట్‌లో పళ్ల మీది గార పోగొట్టే గరుకు పొడి ఉంటుంది. అది పాలికార్బొనేట్ గ్లాస్ మీద ఉన్న పల్చటి కోటింగ్‌ను గీకేస్తుంది. పగలు చూస్తే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. రాత్రి ఎదురుగా లారీ హెడ్‌లైట్ పడగానే గ్లాస్ అంతా వెలుగు చెదిరి ఏమీ కనపడదు. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రేలు, హ్యాండ్ శానిటైజర్ కూడా ఈ కోటింగ్‌కు పడవు.

పొడి గుడ్డతో తుడవడం కూడా తప్పే. అంటుకున్న ఇసుక రేణువులే గ్లాస్‌ను గీస్తాయి. ముందు నీళ్లు పోసి దుమ్ము పోనివ్వండి. హైవే మీద రాత్రిపూట వచ్చినవాళ్ల గ్లాస్ మీద పురుగులు ఎండి అతుక్కుపోయి ఉంటాయి. గోటితో గీరకుండా, తడి గుడ్డను ఒక పది నిమిషాలు దాని మీద కప్పి ఉంచండి. నాని వాటంతట అవే వచ్చేస్తాయి. తర్వాత షాంపూ నీళ్లు, మంచినీళ్లు, చివర్లో మైక్రోఫైబర్ గుడ్డతో అద్దడం. అయినా గీతలు ఎక్కువగా ఉంటే గ్లాస్ ఒక్కటే మార్చుకోవచ్చు, హెల్మెట్ మొత్తం కొనక్కర్లేదు.

డిప్ప మీది స్టిక్కర్ జిగురు కూడా పెట్రోల్ లేకుండానే పోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డను కాసేపు కప్పి ఉంచి వేలితో రుద్దండి. వెనక ఉండే ఐఎస్ఐ మార్కు స్టిక్కర్‌ను మాత్రం రుద్దకండి. 2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఐఎస్ 4151 అనే నంబర్ దాని మీద ఉంటుంది.

గడ్డం కింది పట్టీని మర్చిపోతున్నారు

చెమట, షేవింగ్ క్రీమ్, మేకప్ అన్నీ పీల్చుకుని ఈ పట్టీ గట్టిగా, గరుకుగా తయారవుతుంది. మెడకు రాసుకుని ఎర్రగా కమిలిపోతుందని చాలామంది క్లిప్ పెట్టుకోవడమే మానేస్తారు. క్లిప్ పెట్టని హెల్మెట్ కిందపడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ పట్టీతో బిగించి ఉండాలనే చెబుతోంది. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద రూ.1000 జరిమానా, మూడు నెలల పాటు లైసెన్స్‌పై వేటు కూడా ఉంది. పట్టీకి కావాల్సింది షాంపూ నురగ, టూత్‌బ్రష్, ఐదు నిమిషాలు. క్లిప్‌లో ఇరుక్కున్న దుమ్మును కూడా బ్రష్‌తో తీసేయండి. క్లిక్ మని శబ్దం సరిగా రాకపోతే సగంసార్లు కారణం ఆ దుమ్మే.

హెల్మెట్ వల్ల జుట్టు ఊడిపోతుందా?

మగవాళ్లలో వచ్చే మామూలు బట్టతలకు కారణం వంశపారంపర్యం, హార్మోన్లు. హెల్మెట్ పెట్టుకోనివాళ్లకూ అది వస్తుంది. అయితే తడి తల మీద హెల్మెట్ పెట్టడం, మురికి కుషన్‌ను నెలల తరబడి వాడటం వల్ల చుండ్రు, దురద పెరగడం, వెంట్రుకల కుదుళ్ల దగ్గర చీముపొక్కులు రావడం మాత్రం జరుగుతుంది. నుదుటి మీద, చెంపల మీద హెల్మెట్ ఆనే చోటే మొటిమలు వస్తుంటే దానికి కారణం రాపిడి, చెమట. కుషన్ కడిగి, పల్చటి కాటన్ గుడ్డ అడ్డం వేసుకుంటే చాలామందికి తగ్గుముఖం పడుతుంది. తలలో గుండ్రంగా పొలుసులు లేచి అక్కడ జుట్టు రాలుతుంటే అది తామర కావచ్చు. ఆ పరిస్థితిలో చర్మ వైద్యుడికి చూపించుకోవాలి. ఆ హెల్మెట్‌ను ఇంట్లో ఇంకొకరు వాడకూడదు.

బైక్ ట్యాక్సీ ఎక్కేవాళ్లకు ఈ భయం ఇంకా ఎక్కువ. రోజుకు పది పదిహేను మంది పెట్టుకున్న హెల్మెట్ అది! అలాగని వద్దనకండి. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరే. బ్యాగ్‌లో ఒక పెద్ద కర్చీఫ్ గానీ, కాటన్ టోపీ గానీ పెట్టుకుని, తల మీద వేసుకుని ఆపైన హెల్మెట్ పెట్టుకోండి. అమ్మాయిలకు స్కార్ఫ్ ఉండనే ఉంటుంది, కాకపోతే ముడి తల వెనక రాకుండా చూసుకోవాలి. ముడి అడ్డమొస్తే హెల్మెట్ పూర్తిగా కిందకు దిగదు. పేల భయం ఉన్నవాళ్లకు ఒక మాట.. పేలు తల మీద కాకుండా బయట ఒకటి రెండు రోజులకు మించి బతకవు. ఆ ఇంట్లో ఉతికిన గుడ్డ ఒక్కటి అడ్డంగా ఉంటే చాలా సమస్యలకు చెక్ పడుతుంది. రైడర్లు రెండు ఇన్నర్ క్యాప్‌లు పెట్టుకుని మార్చి మార్చి వాడుకుంటే వాళ్ల సొంత హెల్మెట్ కూడా నెలల పాటు తాజాగా ఉంటుంది.

సైకిల్ తొక్కేవాళ్లకు..

హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. సైకిల్ హెల్మెట్ బైక్ హెల్మెట్ కంటే నాజూకైనది. ఇందులో బయటి డిప్ప చాలా పల్చన, దాదాపు అంతా థర్మాకోలే. రంధ్రాల్లోంచి అది బయటకే కనిపిస్తుంది కూడా. కాబట్టి పెట్రోల్, స్ప్రేల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గాలి బాగా ఆడుతుంది కాబట్టి వాసన తక్కువ, కానీ తొక్కేటప్పుడు చెమట ధారగా కారుతుంది. పట్టీల మీద తెల్లటి చారలు కనిపిస్తున్నాయంటే అది చెమటలోని ఉప్పు. ప్యాడ్లు వెల్క్రోతో అంటించి ఉంటాయి, వారానికోసారి తీసి షాంపూ నీళ్లలో జాడిస్తే సరిపోతుంది. పొద్దున్నే దోమల క్రీమ్ రాసుకుని బయల్దేరేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. డీట్ అనే మందు ఉన్న క్రీములు కొన్ని ప్లాస్టిక్‌లను దెబ్బతీస్తాయి. చేతులు కడుక్కున్నాకే హెల్మెట్ ముట్టుకోండి.

సైకిల్ హెల్మెట్‌కు ఇంకో ఉపయోగం కూడా ఉంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లల్ని టూవీలర్ మీద తీసుకెళ్తే, వాళ్ల తలకు సరిపోయే క్రాష్ హెల్మెట్ గానీ, నిర్దేశిత ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ గానీ పెట్టాలని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. పిల్లల హెల్మెట్లలో చెమటతో పాటు పాలు, బిస్కెట్ ముక్కలు కూడా ఉంటాయి.. కాబట్టి చీమలు ఎక్కకముందే కడగండి.

ఎన్ని రోజులకు ఒకసారి?

రోజూ గంటకు పైగా బండి మీద ఉండే డెలివరీ బాయ్స్, సేల్స్ వాళ్లు పదిహేను రోజులకోసారి కడగాలి. మామూలుగా ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు నెలకోసారి చాలు. వానలో తడిస్తే మాత్రం ఆ రాత్రికే ఫ్యాన్ కింద పెట్టండి, లెక్క చూడొద్దు. రోజూ ఇంటికి రాగానే హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి వదిలేయకుండా, సీటు కింద డిక్కీలో మూసేయకుండా, గాలి తగిలే చోట పెడితే కడగాల్సిన అవసరం సగం తగ్గుతుంది. బండి అద్దానికి తగిలిస్తే ఇంకో నష్టం ఉంది.. అద్దం మొన థర్మాకోల్‌లోకి దిగి గుంట పడుతుంది.

ప్యాడ్లు తీసినప్పుడు థర్మాకోల్‌ను వెలుతురులో ఒకసారి పరిశీలనగా చూడండి. ఇలా చూసే అవకాశం మళ్లీ కడిగేదాకా రాదు. పగులు, నొక్కు, కరిగినట్టు మెరిసే మచ్చ కనిపిస్తే ఆ హెల్మెట్ ఇక వద్దు. ఒకసారి ప్రమాదంలో దెబ్బ తిన్నదైతే పైకి ఎంత బాగున్నా మార్చాల్సిందే, ఎందుకంటే ఒకసారి నలిగిన థర్మాకోల్ మళ్లీ పూర్వంలా ఉబ్బదు. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకోసారి మార్చమని హెల్మెట్లను పరీక్షించే స్నెల్ ఫౌండేషన్ చెబుతోంది. తయారైన నెల, సంవత్సరం చాలా హెల్మెట్లలో లోపల స్టిక్కర్ మీద ఉంటాయి, కుషన్ తీసినప్పుడు అది కూడా చూసుకోండి. పారేసే హెల్మెట్‌ను అలాగే గేటు బయట పెట్టకండి. బాగానే ఉంది కదా అని ఎవరో ఒకరు తీసుకెళ్లి తలకు పెట్టుకుంటారు. గడ్డం పట్టీని కత్తెరతో కోసేసి ఆ తర్వాత చెత్తబండికి ఇవ్వండి.